గట్టు మీద సరంగు

నల్ల కోటు రఫ్ఫుకు తెచ్చేవాళ్ళంటే రఫ్ఫక్కకు ఒళ్ళు మంట. పడుగు నలుపు, పేక నలుపు, చిరుగు కూడా నలుపే. పొరపాటు ఎక్కడ జరిగిందో వెతుక్కోవాలన్నా కళ్ళు పొడుచుకోవాలి. అయినా గుమ్మంలోకి వచ్చిన గుడ్డను కాదనడం ఆమె వల్ల కాదు. ఈ కోటు ఒక లాయరుగారిది. మోచేతి దగ్గర మేకు పట్టుకుని చిరిగింది. పొద్దుటి వెలుతురు ఉండగానే దాని సంగతి తేల్చాలని కిటికీకి ఎదురుగా, కొట్టుకు వీపు పెట్టి కూర్చుంది. కోటు అడుగు మడత విప్పి, లోపల దాగిన గుడ్డలోంచి ఒక్కొక్క దారమే లాగి, తడి వేలితో సాపు చేసి, ఒళ్ళో పరుచుకున్న తెల్ల కాగితం మీద వరసగా పేర్చుకుంది. ఏ గుడ్డ చిరుగుకు ఆ గుడ్డ దారమే వాడాలి. బయటి దారం ఎంత కలిసిపోయినట్టు కనిపించినా రెండు ఉతుకులకు బయటపడుతుంది.

"చదవరా," అంది సూదిలో దారం ఎక్కిస్తూ.

వెనక కౌంటర్ దగ్గర తమ్ముడు గొంతు సవరించుకున్నాడు.

ఆ కొట్టు సగం అక్కది, సగం తమ్ముడిది. వెనక సగంలో చిరిగిన గుడ్డలు బాగవుతాయి. ముందు సగంలో వీడియో గేముల కంట్రోలర్లు బాగవుతాయి. బాగైన కంట్రోలర్ సరిగా పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి గోడకు ఒక తెర బిగించి ఉంది. ఆ చూసుకోవడానికి అయిదు నిమిషాలు చాలు. కానీ 'ఉప్పుదారి' అనే ఆట రెండో భాగం వచ్చినప్పటి నుంచీ ఒక్కొక్క కంట్రోలర్ పరీక్షకు పూటంతా పడుతోంది. అదేమిటని అడిగే నాథుడు లేడు. అడగాల్సిన అక్కే "ఊఁ, తర్వాత?" అంటూ ఉంటే ఇంకెవరడుగుతారు?

ఆ ఆటలో మనుషులు నోరు తెరిచి మాట్లాడరు. మాటలన్నీ తెర అడుగున పరాయి భాషలో అక్షరాలుగా పడతాయి. ఒక మాట అయ్యాక బటన్ నొక్కితే టిక్కుమని ఇంకో మాట వస్తుంది. తమ్ముడు వాటిని ఇంట్లో మాటల్లోకి మార్చి చదువుతాడు, అక్క వింటుంది. పన్నెండేళ్ళ కిందట మొదటి భాగమంతా అలాగే విన్నది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి తెర చూడలేదు. రఫ్ఫు మధ్యలో చూపు తిప్పితే మళ్ళీ ఆ దారం వరస దొరకబుచ్చుకోవడం ఎవరి తరమూ కాదు.

అయితేనేం, ఆ కథ ఆమెకు తెలిసినంతగా ఆడినవాళ్ళకు కూడా తెలియదు. సాయంత్రాలు కౌంటర్ దగ్గర చేరే అభిమానులు "అప్పుడు సరంగు ఏమంది?" అని కీచులాడుకుంటే, తీర్పు కోసం కిటికీ వైపే చూసేవాళ్ళు. రఫ్ఫక్క తల ఎత్తకుండానే పొల్లుపోకుండా ఆ మాట అప్పజెప్పేది. దానికి ఆమెకు లోలోపల గొప్పగా ఉండేది కూడా.

సరంగు అంటే ఆ కథలో పడవ నడిపే ఆడమనిషి. వరదలో కొట్టుకొచ్చిన బుడతణ్ణి పడవలోకి లాగి, ఉప్పునీళ్ళన్నీ దాటించి, పెంచుతుంది. మొదటి భాగం అక్కడితో ఆగింది. బుడతడు పెద్దవాడయ్యాక ఏమైందో చెబుతాం, చెబుతాం అని ఇన్నేళ్ళూ ఊరించి ఇప్పటికి తెచ్చారు. ఈ పొద్దున తమ్ముడు చివరి ఘట్టంలో ఉన్నాడు.

"పడవ గట్టు దగ్గర ఆగింది," అని చదివాడు. "సరంగు దిగింది. 'ఇక నువ్వే నడుపుకోరా' అంది."

టిక్కు.

"బుడతడు ఏమీ అనలేదు."

టిక్కు.

ఆ తర్వాత చాలాసేపు గాలి ఒక్కటే వినిపించింది. గాలి చివర ఒక పిట్ట కూత. మళ్ళీ గాలి, మళ్ళీ అదే పిట్ట.

"ఏమైందిరా, నోరు పడిపోయిందా?"

"ఉండు, వస్తోంది," అన్నాడు తమ్ముడు. గొంతు కాస్త తగ్గింది. "సరంగు పదడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగి చూసింది. పరుగెత్తుకుంటూ వచ్చి పడవ తాడు పట్టుకుంది. 'ఒక్కడివే ఎలా నడుపుతావురా, పిచ్చి సన్నాసీ' అని ఎక్కేసింది. ఇద్దరూ కలిసి వెళ్ళిపోయారు. అంతే. అయిపోయింది."

గాలి ఇంకా వీస్తూనే ఉంది. పిట్ట మళ్ళీ కూసింది. రఫ్ఫక్కకు ఏదో తేడా కొట్టింది కానీ, సరిగ్గా అప్పుడే దారం చిరుగు మూల తిరుగుతోంది. ఊపిరి బిగబట్టి ఆ మూల తిప్పేసరికి తేడా సంగతి మరిచిపోయింది.

"బాగుంది," అంది. నిజంగానే ఆమె కళ్ళు చెమర్చాయి.

అప్పుడే ఫోన్ మోగింది. తమ్ముడు పేరు చూసి, "నాటకశాల ఆవిడ," అని తెచ్చి అక్క చెవికి ఆనించాడు.

"శుక్రవారం లోపల చెబుతానమ్మా," అంది రఫ్ఫక్క. "లేదు, మరిచిపోలేదు. తప్పకుండా."

ఆ నాటకశాల వేరే ఊళ్ళో ఉంది. కిందటి నెల దాని మేనేజరమ్మ ఒక పాత పట్టు అంగీ తెచ్చి ఇచ్చి, తీసుకెళ్ళేటప్పుడు చిరుగు ఎక్కడుండేదో వెతుక్కుని వెతుక్కుని నవ్వేసింది. గదుల నిండా తెరలూ దుస్తులూ చివికిపోతున్నాయి, రెండేళ్ళు వచ్చి ఉండమని అడిగింది. వంద రకాల నేతలు, ఎవరో ఎప్పుడో చేసి వదిలేసిన రఫ్ఫులు, వాటిని విప్పి చూడొచ్చు. ఆ మాట విన్న రాత్రి నుంచీ రఫ్ఫక్క వేళ్ళు దురద పెడుతున్నాయి. వెళ్ళాలని ఆమెకు ప్రాణం పీకుతోంది. వెళ్ళలేకుండా ఉంది.

"ఏం చెబుతావు మరి?" అన్నాడు తమ్ముడు.

"నువ్వు చెప్పు."

"నాదేముంది? నీ ఇష్టం."

నెల నుంచీ ఇదే జవాబు. ఆ రెండు మాటలూ అనేటప్పుడు వాడు ఏదో ఒక కంట్రోలర్ అడుగున మరమేకు విప్పుతూ ఉంటాడు. పెళ్ళీడు దాటిపోతున్నవాడు, అన్నీ తెలిసినవాడు, ఆ రెండు మాటల దగ్గర మాత్రం బడి మానేస్తానని మొండికేసిన పిల్లాడిలా అయిపోతాడు. ఆ గొంతు విని కూడా మూట సర్దుకోవడం ఎలాగో రఫ్ఫక్కకు తెలియడం లేదు.

మర్నాడు సాయంత్రం అభిమానులు చేరారు. చేరారంటే ఏదో పెద్ద సభ కాదు, ఉన్నది ఇద్దరే, చేసే గోల మాత్రం ఇరవై మందిది. ఒకరు లెక్కల మాస్టారు, రెండోవాడు అంబులెన్సు డ్రైవరు. అందరూ ఆడి ముగించేదాకా కొట్టులో కథ గురించి ఎవరూ పెదవి విప్పకూడదని కట్టడి పెట్టుకున్నారు. తమ్ముడు కూడా ముగించానన్నాక ఆ కట్టడి తెగింది.

"చెత్త!" అన్నారు మాస్టారు, సంచీ ఇంకా భుజాన ఉండగానే. "పన్నెండేళ్ళు కూర్చోబెట్టి చివరికి ఇదా పెట్టేది? సరంగు అలాంటి పని చేసే మనిషేనా?"

"ఎందుకు చెయ్యదు?" అన్నాడు డ్రైవరు.

"దానికి ముందు ఒక్క సూచన ఉందా? మొదటి భాగమంతా ఒక లెక్క ప్రకారం కట్టుకొచ్చి, ఆఖరి మెట్టు దగ్గర జవాబు ఊహించి రాసినట్టుంది. నా పిల్లలు అలా రాస్తే సున్నా వేస్తాను."

"మీరు సున్నా వెయ్యనిది దేనికిలెండి."

తమ్ముడు విప్పిన కంట్రోలర్ లోపలి దుమ్మును బ్రష్షుతో దులుపుతున్నాడు. దులిపిన చోటే మళ్ళీ దులుపుతున్నాడు.

రఫ్ఫక్కకు ఇక ఆగలేదు. చీకటి పడుతోంది గనక కోటు మడిచి పక్కన పెట్టి, తెల్ల గుడ్డ ఏదో అందుకుంది. వెనక్కి తిరగకుండానే అంది:

"ఏం మాస్టారూ, సూచన లేదంటారేమిటి? సరంగు అంతకన్నా ఏం చేస్తుంది? పదడుగులు వేసింది, మనసొప్పలేదు, వెనక్కి పరుగెత్తుకొచ్చి తాడు పట్టుకుంది. మొదటి భాగంలో వరదప్పుడు పట్టుకున్న తాడే కదా. నాకైతే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి."

కౌంటర్ దగ్గర బ్రష్షు చప్పుడు ఆగిపోయింది.

"ఎక్కడికి వచ్చింది?" అన్నారు మాస్టారు.

"పడవలోకి."

"ఏ పడవలోకి అక్కా? ఆవిడ రాదుగా. గట్టెక్కి అటు నుంచి అటే పోతుంది. మనమంతా మొత్తుకునేది అందుకేగా!"

రఫ్ఫక్క సూది సగం గుడ్డలో, సగం బయట ఉండిపోయింది. వెనక తమ్ముడి ఊపిరి ఆమెకు వినిపించింది. వాడు చిన్నప్పుడు ఏదైనా పగలగొట్టినప్పుడు అలాగే ఊపిరి పీల్చేవాడు, వదలడం మరిచిపోయేవాడు.

"మొదటి భాగంతో కలిపేసుకున్నారు," అన్నారు మాస్టారు నవ్వుతూ. "ఫర్వాలేదు లెండి, పన్నెండేళ్ళయింది. మనం కూడా పాతబడ్డాం."

వెనక్కి తిరిగి 'అది చదివినవాణ్ణి అడగండి' అనడానికి ఎంతసేపు? నాలుక చివరిదాకా వచ్చింది కూడా. "అయ్యుంటుంది లెండి," అంది. "పని మీద ధ్యాసలో ఏదో విని ఉంటాను."

ఆ మాట అనడం ఆమెకు చాలా కష్టమైంది. ఆ కొట్టులో ఆమె విన్నది తప్పని ఎవరూ ఏనాడూ అనలేదు. గుడ్డ విషయంలో అన్నా సహించేదేమో గానీ, సరంగు విషయంలో ఎవరైనా అంటారని కలలో కూడా అనుకోలేదు.

డ్రైవరు మాత్రం నవ్వలేదు. "నాకు ఆ ముగింపు అబద్ధమనిపించలేదక్కా," అన్నాడు. "నేను రోజూ మనుషుల్ని ఎక్కించుకుని ఆసుపత్రి గుమ్మంలో దించి వస్తాను. దించాక వాళ్ళేమయ్యారో నాకు ఎవరూ చెప్పరు. మంచం లోపలికి పోతుంది, తలుపు మూసుకుంటుంది. నేను బండి వెనక్కి తిప్పుకుంటాను."

"అది ఉద్యోగం. ఇది కథ," అన్నారు మాస్టారు. "కథన్నాక చెప్పాలి."

"అన్నీ చెబితే ఇక మనం మాట్లాడుకునేదేముంది?"

ఇద్దరూ మళ్ళీ అంటుకున్నారు. రఫ్ఫక్క వినలేదు. తెల్ల గుడ్డ మీద తను వేసిన పోగులు చూసుకుంది. కిందినుంచి పోవాల్సినది పైనుంచి పోయింది. రెండు వరసలు విప్పి మళ్ళీ మొదలుపెట్టింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర తమ్ముడు కంచంలోంచి తల ఎత్తలేదు. ఆమె ఏమీ అడగలేదు. కోపం లేక కాదు, కావలసినంత ఉంది. కానీ కోపం కన్నా ముందు ఒక ఆరా ఆమెను పట్టుకుంది. చేసినవాడెవరో తెలియని రఫ్ఫు చేతికి వస్తే, ఏ దారం అసలుది, ఏ దారం తర్వాత ఎక్కించినది అని వేలితో తడిమి తెలుసుకోవడం ఆమెకు అలవాటు. మర్నాడంతా ఆ చివరి ఘట్టాన్ని అలాగే తడిమింది. ఎక్కడి వరకు కథది? ఎక్కడి నుంచి వీడిది?

కోటు మోచేతి దగ్గర ఆఖరి పోగులు కలుపుతుండగా తట్టింది. టిక్కు! 'బుడతడు ఏమీ అనలేదు' తర్వాత ఒక టిక్కు పడింది. ఆ తర్వాత సరంగు పదడుగులు వేసింది, ఆగింది, చూసింది, పరుగెత్తింది, తిట్టింది, పడవెక్కింది. ఇంత జరిగితే ఒక్క టిక్కు కూడా లేదు. అదే గాలి, అదే పిట్ట. బయటి దారం అక్కడ మొదలైంది.

మరి అల్లడం కూడా ఎంత బాగా అల్లాడు, వెధవ! ఆ తాడు మొదటి భాగంలోంచి లాగిన పోగు. ఆ 'పిచ్చి సన్నాసి' మాత్రం సరంగుది కాదు. అది ఈ ఇంట్లోది. వాడు బడి నుంచి మోకాలు పగిలి వచ్చిన రోజు నుంచీ ఆమె వాణ్ణి తిట్టే తిట్టు అదే. తన తిట్టును తనకే చదివి వినిపిస్తే పోల్చుకోలేకపోయింది. అప్పుడు ఆమె కోపం సగానికి దిగింది. మిగతా సగం అలాగే ఉంచుకుంది, అవసరానికి పనికొస్తుందని.

గురువారం పొద్దున తమ్ముడు కొట్టు తెరిచి తెర దుమ్ము తుడుస్తుంటే, రఫ్ఫక్క కోటుకు ఇస్త్రీ చేసి కిటికీ వెలుతురులో పట్టుకుంది. ఎదుటి వైపు చూస్తే చిరుగు ఆనవాలు లేదు. తిప్పి చూస్తే దారాల కొసలు చీమ కాళ్ళలా బయటికి ఉన్నాయి.

"ఒరేయ్, రఫ్ఫు వెనక వైపు చూడందే దాని సంగతి చెప్పలేం, తెలుసుగా?" అంది.

"ఊఁ."

"అయితే చివరి ఘట్టం పెట్టు. ఈసారి వెనక వైపు చూపించు."

తమ్ముడు గుడ్డ కౌంటర్ మీద పెట్టాడు. చాలాసేపు దాన్నే మడతపెట్టాడు.

"నేను ముగించలేదక్కా," అన్నాడు.

"అందరికీ ముగించానన్నావు."

"ఏమవుతుందో అది చూడగానే తెలిసిపోయింది. మొన్న వాళ్ళ మాటలతో ఖాయమైంది. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను." కంట్రోలర్ తీసుకుని తెర వెలిగించాడు. గాలి, పిట్ట. "సరంగు గట్టు మీద నిలబడి ఉంటుంది. తెర అడుగున ఒక్కటే మాట పడుతుంది, 'నడిపించు' అని. మనం కంట్రోలర్ మీది ఈ స్టిక్ ముందుకు తోస్తేనే ఆవిడ నడుస్తుంది. తోయకపోతే అలాగే నిలబడి ఉంటుంది, ఎన్ని రోజులైనా. ఆవిడంతట ఆవిడే వెళ్ళిపోయినట్టు చూపిస్తే చూసి ఊరుకుందును. మన చేత్తోనే పంపించమంటాడక్కా, ఈ ఆట చేసినవాడు. మాస్టారు మండిపడేది కూడా అందుకే. ఆయన తిట్టుకుంటూ తోశారు. నా వల్ల కాలేదు."

"అందుకని నాకు అబద్ధం చదివావు."

"నువ్వు వింటే..." అని ఆగాడు. మర విప్పడానికి చేతిలో ఏమీ లేదు పాపం. "నువ్వు వింటే నీకూ వెళ్ళొచ్చనిపిస్తుందని భయమేసింది."

మొత్తానికి నెల తర్వాత మాట బయటికి వచ్చింది. రఫ్ఫక్కకు వాణ్ణి దగ్గరికి లాక్కోవాలనిపించింది, రెండు తగిలించాలని కూడా అనిపించింది. రెండూ చెయ్యలేదు. దాచి ఉంచుకున్న సగం కోపాన్ని తీసింది.

"మొన్న అందరి ముందూ నేను చెవిటిదాన్నయ్యాను. నువ్వు నోరెత్తలేదు."

"తప్పయింది."

"నాకు కాదు, సాయంత్రం వాళ్ళు వచ్చాక చెప్పు." తర్వాత ఉండబట్టలేక అడిగింది. "తోస్తే ఎక్కడికి వెళ్తుందట?"

"తెలీదు. అంతా తెల్లగా ఉప్పునేల. అందులోకి వెళ్తుంది. అంతటితో సరి."

"ఎవరికీ తెలీదా?"

"ఎవరికీ."

రఫ్ఫక్క సూదిని మెత్తలో గుచ్చింది. కుర్చీ రెండు కాళ్ళ మీద లేపి, కిర్రుమని నేల గీసుకుంటూ కొట్టు వైపు తిప్పింది. ఆ కుర్చీ అటు తిరగడం తమ్ముడు ఎన్నడూ చూడలేదు.

"ఇదా సరంగు!" అంది తెర చూసి. "ఇంత పొట్టిదా? నేను తాటిచెట్టంత ఊహించుకున్నానురా. ఆ భుజం మీద అతుకు చూడు, మొద్దు దారంతో ఎవరు వేశారో. ఇలా ఇవ్వు అది."

కంట్రోలర్ ఆమె చేతుల్లో తలకిందులుగా ఉంది. తమ్ముడు తిప్పి పెట్టాడు. సూది పట్టి పట్టి గట్టిపడిన బొటనవేలితో ఆమె స్టిక్ తోసింది. సరంగు గిరుక్కున తిరిగి మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగింది.

"అయ్యో, మునిగిపోతోంది!"

"మునగదులే," తమ్ముడికి నవ్వాగలేదు. "అటు కాదక్కా. అటు పడవ."

"మరెటు?"

తమ్ముడు నవ్వు ఆపాడు. గాలి ఒకసారి వీచి అయిపోయింది, పిట్ట కూసింది. ఆమె వాడి వంక చూడకుండా తెరనే చూస్తూ కూర్చుంది. నిజంగానే ఆమెకు దారి తెలియదు.

"ఇటు," అన్నాడు తమ్ముడు చివరికి. "తెల్లగా కనపడుతోందే, అటు. ముందుకు తొయ్యి. వేలు తియ్యకు."

సరంగు నీళ్ళలోంచి గట్టెక్కి, పొట్టి అడుగులు వేసుకుంటూ నడిచింది. కాళ్ళ కింద ఉప్పు కరకరలాడింది. ఆ చప్పుడు రఫ్ఫక్క రెండు భాగాల్లోనూ ఎన్నడూ వినలేదు. పిట్ట కూత వెనకబడింది. తెరలో ఇక తెలుపు తప్ప ఏమీ లేదు.

"బుడతడేం చేస్తున్నాడో?" అంది వేలు తియ్యకుండా.

"కనపడడక్కా. మన వెనక ఉన్నాడు."

"ష్. విను."

ఇద్దరూ విన్నారు. కరకరల మధ్య, బాగా వెనక, నీళ్ళలో ఏదో పడి లేస్తోంది. మళ్ళీ పడింది, లేచింది. మొదట్లో తడబడింది, తర్వాత ఒక వరసన పడింది.

"తెడ్డు," అన్నాడు తమ్ముడు. "వాడే వేస్తున్నాడు."

తెలుపు నిండిపోయాక చప్పుళ్ళు కూడా ఆగిపోయాయి. రఫ్ఫక్క ఇంకా స్టిక్ తోస్తూనే ఉంది. ఇక చాల్లే, అయిపోయింది అని తమ్ముడు మెల్లిగా కంట్రోలర్ తీసుకున్నాడు.

సాయంత్రం మాస్టారు వస్తూనే, "ఏమక్కా, మీ పడవ వెనక్కి వచ్చిందా?" అన్నారు.

రఫ్ఫక్క కుర్చీ మళ్ళీ కిటికీ వైపే ఉంది. వీపు వైపు నుంచి తమ్ముడి గొంతు వినిపించింది.

"అక్క సరిగ్గానే విన్నది మాస్టారూ. నేనే తప్పు చదివాను. ఆ తాడూ అదీ నేను కల్పించింది."

"కల్పించావా? ఎందుకూ?"

"నచ్చక."

మాస్టారు నవ్వేశారు. "అదృష్టవంతుడివి. మాకు నచ్చకపోతే తిట్టుకోవడమే గానీ మార్చుకోవడం రాలేదు. క్షమించండక్కా. అయితే ఇప్పుడు అసలుది విన్నారుగా, తీర్పు చెప్పండి. కథ బాగుందా, చెడిందా?"

"చెడలేదు," అంది రఫ్ఫక్క. "కాకపోతే నా ప్రాణం తీస్తోంది. ఆ తెల్లదనం అవతల ఏముందో చూడకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు."

"మూడో భాగంలో చూపిస్తారేమో," అన్నాడు డ్రైవరు. "ఇంకో పన్నెండేళ్ళు ఆగాలి."

"ఆగుదాం. అక్క ఈ కిటికీ దగ్గరే కూర్చుని వింటారు, మనం ఇక్కడే కొట్టుకు చద్దాం," అన్నారు మాస్టారు.

"అప్పటికి వస్తుంది లెండి. ఈ రెండేళ్ళూ మాత్రం కిటికీ ఖాళీ," అన్నాడు తమ్ముడు. "వేరే ఊళ్ళో నాటకశాల ఉంది. సోమవారం వెళ్తోంది. గదుల నిండా తెరలు, బోలెడు పని. ఏదైనా చదవాలంటే నేను ఫోన్లో చదువుతాను."

మాస్టారు, డ్రైవరు ఇద్దరూ కిటికీ వైపు తిరిగారు. రఫ్ఫక్క అప్పటికింకా ఎవరికీ అవునని చెప్పలేదు. ఆ సోమవారం సంగతి ఆమెకు కూడా ఇప్పుడే తెలిసింది. సూది పట్టుకున్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కాసేపు వీధిలోకి చూసింది. తర్వాత వెనక్కి తిరిగి తమ్ముణ్ణి చూసింది. వాడి చేతుల్లో కంట్రోలర్ లేదు, మర లేదు. ఖాళీ చేతులు కౌంటర్ మీద పెట్టుకుని ఆమె వంకే చూస్తున్నాడు.

"ఒరేయ్," అంది. "ఆ ఫోన్ ఇలా అందించు."